నాలుగు లేయర్ల బోర్డుకి కైక్యాడ్: రౌటర్ భేష్, డిఫాల్ట్ అంకెలతోనే జాగ్రత్త

సర్క్యూట్ బోర్డులు గీసే కైక్యాడ్‌కి లైసెన్సు పైసా కట్టక్కర్లేదు, కాపర్ (రాగి) లేయర్లు 32 దాకా వేసుకోవచ్చు. 1992లో ఫ్రాన్సులో జాన్-పియర్ షరాస్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. అడ్డొచ్చిన ట్రేస్‌ని (బోర్డు మీది రాగి గీతని) పక్కకి నెట్టుకుంటూ పోయే రౌటర్ (ట్రేస్‌లు గీసే పనిముట్టు) మాత్రం యూరప్ అణుపరిశోధన సంస్థ సెర్న్ వాళ్ల చలవ. దాని కోసమైనా దీన్ని వాడొచ్చు.

నాలుగు లేయర్లు అనగానే ముందు బోర్డ్ సెటప్‌లో ఫిజికల్ స్టాకప్ (ఏ పొర ఎంత మందమో చెప్పే పట్టిక) తెరవండి. పై కాపర్‌కీ లోపలి గ్రౌండ్‌కీ మధ్య ప్రీప్రెగ్ (రాగి పొరల్ని విడదీసే ఇన్సులేటర్ పొర) 0.1 మి.మీ. అని అదే రాసేసుకుంటుంది. 1.6 మి.మీ. బోర్డుకి చాలా ఫ్యాబ్‌లు (బోర్డు తయారుచేసే కంపెనీలు) వేసేది 7628 రకం ప్రీప్రెగ్, అంటే సుమారు 0.2 మి.మీ. 0.1 లెక్కన 50 ఓమ్‌ల ఇంపీడెన్స్‌కని (వేగంగా మారే సిగ్నల్‌కి ట్రేస్ చూపే నిరోధానికని) గీసిన 0.17 మి.మీ. ట్రేస్, బోర్డు చేతికొచ్చాక 70 ఓమ్‌ల దగ్గర తేలుతుంది. నిజంగా కావాల్సిన వెడల్పు 0.35 మి.మీ. పైమాటే. ఫ్యాబ్ ఇచ్చిన అంకెలే స్టాకప్‌లోనూ కాలిక్యులేటర్‌లోనూ కొట్టండి.

అసలు తంటా గ్రౌండ్ జోన్‌తో, అంటే గ్రౌండ్ కోసం రాగితో నింపే ప్రాంతంతో; నిండాక దాన్నే ప్లేన్ అంటాం. కొత్త జోన్‌కి క్లియరెన్స్ (వేరే కనెక్షన్ల చుట్టూ వదిలే ఖాళీ) 0.5 మి.మీ. ఉంటుంది. మామూలు 2.54 మి.మీ. పిన్ హెడర్‌నే తీసుకోండి: ప్యాడ్ (పిన్ను చుట్టూ ఉండే రాగి బిళ్ల) 1.7 మి.మీ., చుట్టూ 0.5 వదిలితే ప్లేన్‌లో పడే కన్నం 2.7 మి.మీ. పిన్నుల మధ్య దూరం కంటే కన్నమే పెద్దది! గ్రౌండ్ కాని పిన్నులు వరసగా ఉంటే కన్నాలన్నీ కలిసిపోయి ప్లేన్ నిలువునా చీలుతుంది. దాని మీదుగా వెళ్లే సిగ్నల్‌కి తిరుగుదారి తెగి, కరెంటు చుట్టూ తిరిగి వస్తుంది, నాయిస్ మొదలవుతుంది. డీఆర్‌సీ (డిజైన్ రూల్ చెక్) మాత్రం సున్నా తప్పులని చూపిస్తుంది, ఎందుకంటే దాని రూల్స్ ప్రకారం తప్పేమీ జరగలేదు. క్లియరెన్స్ 0.25కి దించితే కన్నం 2.2 అవుతుంది, మధ్యలో 0.34 మి.మీ. కాపర్ మిగులుతుంది. జోన్ కనీస వెడల్పు 0.25 కాబట్టి అది నిలబడుతుంది.

డిఫరెన్షియల్ జతలకి (ఒకే సిగ్నల్‌ని ఒకటి నేరుగా, ఒకటి తిరగేసి మోసే రెండు ట్రేస్‌లకి) నెట్ (కనెక్షన్) పేర్ల చివర ప్లస్, మైనస్ గానీ పి, ఎన్ గానీ లేకపోతే జతగా గుర్తించదు. ఆటోరౌటర్ (ట్రేస్‌లన్నీ తనే గీసేది) లేదు, ఫ్రీరౌటింగ్ అనే వేరే సాఫ్ట్‌వేర్‌ని బయటినుంచి తగిలించుకోవాలి, లేకున్నా పెద్ద లోటేం కాదు.

గెర్బర్లు (ఫ్యాబ్‌కి పంపే ఫైళ్లు) తీసేముందు ‘బి’ నొక్కి జోన్లన్నీ మళ్లీ నింపండి. తర్వాత వాటిని చూపించే గెర్బ్‌వ్యూలో లోపలి గ్రౌండ్ లేయర్ ఒక్కటే ఉంచి కనెక్టర్ కింద చూడండి. అక్కడ పొడుగాటి చీలిక కనిపిస్తే ఆర్డర్ పెట్టొద్దు.