రైఫిలుకు ఏది మేలు: గట్టి పెట్టెనా, మెత్తటి బ్యాగా?

కర్నూలులో పిల్లలకు ఎయిర్ షూటింగ్ నేర్పిస్తున్న తల్లిదండ్రులకు గన్ కొన్న మర్నాడే ఎదురయ్యే ప్రశ్న, దాన్ని రోజూ రేంజికి ఎందులో పెట్టి పంపాలన్నది. లోపల ఫోమ్ పరిచిన గట్టి ప్లాస్టిక్ పెట్టె ఖరీదైనది, బరువైనది, మోటారు సైకిలు మీద దానితో నానా అవస్థ పడాలి; భుజానికి తగిలించుకునే మెత్తటి బ్యాగు చవక, తేలిక. ఇంతవరకే చూస్తే బ్యాగే మేలనిపిస్తుంది. అయితే లోపల పెట్టేది రైఫిలా, పిస్టలా అన్నది తేలకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు.

రెండూ పది మీటర్ల దూరం నుంచి, 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్లతో (చిన్న గుండ్లతో) కాల్చేవే. కాని రైఫిలు టార్గెట్‌లో పది పాయింట్ల గుర్తు అర మిల్లీమీటరు చుక్క మాత్రమే కాగా, పిస్టల్ టార్గెట్‌లో అది 11.5 మిల్లీమీటర్ల వలయం. పైగా రైఫిలు క్వాలిఫికేషన్‌లో, అంటే ఫైనల్‌కు ముందు రౌండులో, స్కోరును దశాంశాలతో లెక్కిస్తారు. అక్కడ పెల్లెట్ పావు మిల్లీమీటరు జరిగితే 0.1 పాయింటు తేడా వస్తుంది. దారిలో తగిలిన దెబ్బకు వెనుక సైటు (గురి చూసే భాగం) కదిలి, నడిమధ్యన పడవలసిన ప్రతి పెల్లెట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు పడితే షాటుకు 0.4 చొప్పున, 60 షాట్ల మ్యాచిలో 24 పాయింట్లు పోతాయి. పిస్టల్‌లో వలయాల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, క్వాలిఫికేషన్ లెక్క పూర్ణాంకాల్లోనే కాబట్టి, అదే ఒక్క మిల్లీమీటరు చాలా షాట్లలో స్కోరును తాకనే తాకదు.

మ్యాచి రోజున సైటింగ్ షాట్లలో, అంటే స్కోరుకు లెక్కపెట్టకుండా గురి సరిచూసుకునే షాట్లలో, దీన్ని దిద్దుకోవచ్చు కదా అని కొందరు అంటారు. దిద్దుకోవచ్చు, నిజమే. నష్టం ప్రాక్టీసులో ఉంది. గుండు ఎడమకు పోతున్నప్పుడు తప్పు సైటుదో, తన నిలబడే తీరుదో తెలియక, నేర్చుకునే పిల్ల బాగున్న భంగిమను కూడా మార్చుకుంటుంది. కోచ్ దాన్ని మళ్లీ దారిలో పెట్టడానికి వారాలు పడుతుంది. పెట్టెకు పెట్టే డబ్బు ఈ గందరగోళాన్ని తప్పించడానికే తప్ప, గన్ విరుగుతుందన్న భయంతో కాదు.

అందువల్ల పిస్టల్ వాళ్లు పెద్ద ఖర్చుకు పోనక్కర్లేదు. కిలోన్నరకు మించని ఆ ఆయుధాన్ని దానితోపాటు వచ్చిన చిన్న పెట్టెలో ఉంచి, ఆ పెట్టెను మామూలు కాలేజీ బ్యాగులో వేసుకుంటే చాలు. రైఫిలుకు మాత్రం గట్టి పెట్టే ఉండాలి. మధ్యే మార్గం ఒకటుంది: వెనుక సైటును విప్పి విడిగా డబ్బాలో పెట్టి, రైఫిలును బ్యాగులో తీసుకెళ్లడం. సైటు కూర్చునే రైఫిలు పట్టాల మీద గీత పెట్టుకుని అదే చోట మళ్లీ బిగిస్తే సైటు దాదాపు పాత చోటికే వస్తుంది, కాని ఆ ‘దాదాపు’కే పై లెక్కంతా వర్తిస్తుంది.

వాహనాన్ని బట్టి ఈ తీర్పు కొంత మారుతుంది. నాలుగడుగుల పెట్టెను బండి మీద అడ్డంగా పెట్టుకుంటే రాజ్‌విహార్ సెంటర్ రద్దీలో పక్కవాళ్ల మోకాళ్లకు తగలక మానదు. వెనుక కూర్చున్నవారు దాన్ని నిలువుగా పట్టుకోవాలి. ఒంటరిగా బండి నడిపేవారికి వీపుకు తగిలించుకునే బ్యాగు తప్ప వేరే దారి లేదు కనుక, వారు సైటు విప్పే పద్ధతినే ఎంచుకోవాలి. షేర్ ఆటోలో, ఆర్టీసీ బస్సులో పెట్టెను కాళ్ల మధ్య నిలబెట్టుకోవచ్చు. హైదరాబాదు మ్యాచికి వెళ్లేటప్పుడు బస్సు డిక్కీలో ఇతరుల సామాను కింద నలిగినా తట్టుకునేది పెట్టే. లోపల ఏముందని ఎవరైనా అడిగితే చూపించడానికి కొనుగోలు బిల్లు, అసోసియేషన్ కార్డు పెట్టె మూతలోనే ఉంచుకోవడం మంచిది. 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ గన్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేకపోయినా, ఆ సంగతి దారిన పోయేవారందరికీ తెలిసి ఉండదు.

కారు ఉన్నవారికి డిక్కీ సుఖమే, కాని మే నెలలో మన ఎండను లెక్కలోకి తీసుకోవాలి. 25 డిగ్రీల దగ్గర 200 బార్ల ఒత్తిడి వరకు గాలి నింపిన గన్ సిలిండరు, ఎండలో నిలిపిన కారులో 60 డిగ్రీలకు వేడెక్కితే లోపలి ఒత్తిడి 223 బార్లకు చేరుతుంది. వెంటనే పేలిపోతుందని కాదు గాని, దాన్ని వేడికి దూరంగా ఉంచాలన్నది ప్రాథమిక జాగ్రత్త. కనుక రేంజి నుంచి తిరిగివస్తూ పెళ్లి భోజనానికి ఆగేవారు పెట్టెను కూడా లోపలికి తీసుకెళ్లాలి.

మిగతా సామాను విషయంలో వాదనకు పెద్దగా తావు లేదు: జాకెట్, ప్యాంటు, బూట్లు వేరే కిట్ బ్యాగులో ఉండాలి. చెమటతో తడిసిన జాకెట్‌ను రైఫిలుతో కలిపి మూస్తే ఇనుముకు తుప్పు పడుతుంది. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి వాటి డబ్బాను టిఫిన్ బాక్సు ఉన్న అరలో పెట్టకూడదు.

కొన్ని రేంజిల్లో సామాను దాచుకునే లాకరు దొరుకుతుంది. మోత తప్పుతుందని రైఫిలును అక్కడే వదిలేయడం ఆకర్షణీయంగానే కనిపిస్తుంది గాని, పెల్లెట్ లేకుండా ఇంట్లో గోడకెదురుగా నిలబడి చేసే డ్రై ప్రాక్టీసు అప్పుడు ఆగిపోతుంది. రోజూ చేసేవారికి అది పెద్ద లోటు. రైఫిలు ఇంటికి రావాలి, బరువైన కిట్ బ్యాగు లాకరులో ఉండాలి. అయితే జాకెట్‌ను మడిచి కుక్కకుండా హ్యాంగరుకు వేలాడదీసేంత ఎత్తు ఆ లాకరుకు ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే అదీ ఇంటికే రావాలి.