జీపీ 5000 టైర్లు: చక్రం బరువు తగ్గితే సైకిల్ ఎలా మారుతుంది?

నా రోడ్ సైకిల్‌కున్న బరువైన వైర్ బీడ్ (అంచులో ఉక్కు తీగ ఉండే) టైర్లు తీసేసి, 28 మి.మీ. కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ (జీపీ) 5000 టైర్లు వేశాను. పాతవి పంక్చర్ పడకుండా దళసరి పట్టీ ఉన్న రకం, ఒక్కోటి 700 గ్రాముల పైనే. ఇవి 240కి అటూ ఇటూ. ట్యూబులు కూడా బ్యూటైల్ (మామూలు రబ్బరు) నుంచి టీపీయూకి (పల్చటి ప్లాస్టిక్ రకానికి) మార్చడంతో రెండు చక్రాలకీ కలిపి కిలో దాకా తగ్గింది, అదీ చక్రం అంచున.

తేడా కాళ్లకంటే ముందు చేతులకి తెలుస్తుంది. ముందు చక్రం విప్పి, యాక్సిల్‌ని రెండు వైపులా పట్టుకుని, ఎవరితోనైనా గట్టిగా తిప్పించి పక్కకి వంచి చూడండి. బరువు టైరుంటే చక్రం మొండికేసి మణికట్లని మెలిపెడుతుంది, ఈ టైరుంటే చెప్పినట్టు వింటుంది. గుంత తప్పించేటప్పుడు, సీటు మీంచి లేచి సైకిల్‌ని అటూ ఇటూ ఊపుతూ తొక్కేటప్పుడు తెలిసేది ఇదే. ఆగి మళ్లీ కదిలేటప్పుడు కూడా చాలా చురుగ్గా అనిపిస్తుంది, ఆ హుషారు నాకు భలే నచ్చింది.

కానీ వేగం సంగతి వేరు. అంచున ఉన్న గ్రాము ముందుకీ కదలాలి, గుండ్రంగానూ తిరగాలి కాబట్టి వేగం అందుకునేటప్పుడు ఫ్రేములోని రెండు గ్రాములతో సమానం. రెండింతలే, అంతకు మించి కాదు. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలనుకుంటే కిలో తగ్గినందుకు దక్కేది రెండు శాతం చిల్లర. ఎత్తు మీద నిలకడగా తొక్కుతుంటే ఆ కిలో చక్రంలో ఉన్నా ఫ్రేములో ఉన్నా ఒకటే, చదును రోడ్డు మీదైతే బరువు ప్రభావం చాలా తక్కువ. మరి చదునులో కూడా ఇంత హాయిగా ఎందుకు సాగుతోందంటే, అదంతా కేసింగ్ (రబ్బరు కింద టైరుకి ఒళ్లులా ఉండే దారాల పొర) గొప్పదనం. టైరు రోడ్డుకి ఆనిన చోట ప్రతి చుట్టుకీ నలిగి మళ్లీ లేస్తుంది, దళసరి టైరులో ఆ నలుగుడుకే బోలెడు శక్తి వేడిగా పోతుంది, పల్చగా మెత్తగా వంగే కేసింగ్‌లో చాలా తక్కువ పోతుంది. అందుకే టైరు కొనేటప్పుడు గ్రాములొక్కటే చూడొద్దంటాను. తేలిక హబ్ కోసం ఖర్చు పెట్టినా చేతికి తెలిసే ఆ చురుకు రాదు, హబ్ ఉండేది చక్రం మధ్యలో కదా. ఖరీదైన తేలిక రిమ్ముల జోలికి వెళ్లేముందు టైర్లు మార్చి చూడండి.

గాజు పెంకులు, ముళ్లు ఉన్న దారిలో రోజూ తిరిగేవాళ్లకి మాత్రం రెండు వైపులా ఇవి వెయ్యమని చెప్పను, ఇంత పల్చటి టైరు దళసరి దానిలా కాచుకోలేదు. అలాంటప్పుడు వెనక పాత రకమే ఉంచి, ముందు ఒక్కటి ఇది వేసుకోండి. పంక్చర్లు ఎక్కువగా పడేది వెనకే, హ్యాండిల్‌లో తేలికదనం, మలుపులో పట్టు వచ్చేది ముందు చక్రం నుంచి.