ఖాళీ ఫలితం అంటే ఏమిటో రాసిపెట్టుకున్నాక: టూల్ వివరణలతో పది నెలలు

బరంపురంలో ప్రధాన కార్యాలయం, ఛత్రపురంలోనూ పర్లాకిమిడిలోనూ శాఖలు ఉన్న ఒక చిన్న సంస్థలో కంప్యూటర్ల భద్రత చూడడం నా పని. కంప్యూటర్లలో జరిగినవి నమోదయ్యే లాగ్‌లను వెతికే బాధ్యతను పది నెలల కిందట ఒక ఏఐ ఏజెంట్‌కు, అంటే అడిగిన పనిని తానే టూల్స్ వాడి చేసే ఏఐ ప్రోగ్రాముకు, అప్పగించాను. ఏజెంట్ల గొప్పలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక ఆ సంగతి వదిలేస్తున్నాను. ఏఐని బయటి టూల్స్‌తో కలిపేందుకు 2024 నవంబరులో వెలువడిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ పద్ధతిలో ప్రతి టూల్‌కూ, అంటే ఏజెంట్ పిలిచి వాడుకునే ప్రతి చిన్న ప్రోగ్రాముకూ, మనం రాసి ఇచ్చే వివరణ గురించే చెబుతాను. నాకు అన్నిటికన్నా మేలు చేసింది అదే.

మొదట నేను రాసింది ఒకే వాక్యం: ‘సెక్యూరిటీ లాగ్‌లలో వెతుకుతుంది.’ రెండు వారాలు బాగానే నడిచింది. ఒక ఉదయం లెక్కల విభాగంలోని పెద్దాయన తన అకౌంట్ లాక్ అయిందన్నారు. రాత్రి 1 నుంచి 2 గంటల మధ్య విఫలమైన లాగిన్లు, అంటే విండోస్‌లో 4625 నంబరు ఈవెంట్లు, ఏమైనా ఉన్నాయా అని ఏజెంట్‌ను అడిగితే, ఒక్కటీ లేదనీ అనుమానించవలసిందేమీ కనిపించలేదనీ జవాబిచ్చింది. నేను అదే మాట ఆయనకు చేరవేశాను. “మరి నేను ఇంట్లో నిద్రపోతుంటే నా అకౌంట్ ఎందుకు లాకయింది బాబూ?” అన్నారాయన.

సర్వర్ దగ్గర కూర్చుని, లాగ్‌లను నేరుగా చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. అకౌంట్ లాక్ అయినట్టు తెలిపే 4740 ఈవెంట్ రాత్రి 1 గంట 20 నిమిషాల దగ్గర కనబడింది. పర్లాకిమిడి శాఖలో ఆపకుండా వదిలేసిన కంప్యూటర్లో దానికి ముందు 4625లు వరుసగా ఉన్నాయి. నా టూల్ సమయాన్ని యూటీసీలో, అంటే మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, తీసుకుంటుంది. ఆ మాట నేను ఎక్కడా రాయలేదు. ముందు రోజు తేదీతో 19:30 నుంచి 20:30 వరకు వెతకవలసిన ఏజెంట్, నేను చెప్పిన అంకెలనే యథాతథంగా పంపి, మన లెక్కన ఉదయం 6:30 నుంచి 7:30 వరకు వెతికింది. అప్పటికి ఏ శాఖా తెరవలేదు.

ఆ సాయంత్రమే వివరణ తిరగరాశాను. ఇంగ్లీషులో రాసినదాని సారాంశం ఇది: ‘సమయం యూటీసీలో ఇవ్వాలి, భారత సమయం నుంచి 5 గంటల 30 నిమిషాలు తగ్గించాలి. కంప్యూటర్ పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోతేనే దొరుకుతుంది. 100 వరుసలకు మించి రావు. ఫలితం ఖాళీగా వస్తే దాడి జరగలేదని చెప్పకూడదు. సమయమూ పేరూ మరొకసారి సరిచూసి, ఏ గంటల మధ్య వెతికినదీ జవాబులో చెప్పాలి.’

ఆ చివరి వాక్యం చేసిన మేలు నేను ఊహించనిది. మా కంప్యూటర్లలో కొన్నిటి పేర్లు బెర్హంపూర్ అనీ, కొన్నిటివి బ్రహ్మపూర్ అనీ మొదలవుతాయి; రెండూ బరంపురం పేర్లే. పెట్టినవాళ్లు వేరు, పెట్టిన కాలం వేరు. ఒకసారి నేను బ్రహ్మపూర్ పేరుతో అడిగితే ఫలితం ఖాళీగా వచ్చింది. ఏజెంట్ తనంతట తానే కంప్యూటర్ల జాబితా ఇచ్చే టూల్‌ను పిలిచి, రెండో పేరు పట్టుకుని, మళ్లీ వెతికి, ఎందుకలా చేసిందో నాకు చెప్పింది. ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే వివరణ రాస్తే చాలునని అప్పట్లో నలుగురికీ చెప్పిన మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. 100 వరుసల పరిమితి రాసి ఉన్నా, వచ్చిన వందే మొత్తమని ఏజెంట్ ఒకటి రెండుసార్లు లెక్కగట్టింది. అందుకని ఇంకా వరుసలు మిగిలి ఉంటే ఆ మాట ఫలితంలోనే వచ్చేలా మార్చాను. ఏ కాలమానమో చెప్పని సమయాన్ని ఇప్పుడు టూలే తిప్పికొడుతుంది. వివరణలన్నీ ఏజెంట్ ప్రతిసారీ చదవవలసిన రాతలోకి చేరతాయి కనుక మరీ పొడవైనవాటిని కుదించాను. బయటివాళ్లు తయారుచేసిన టూల్ అయితే దాని వివరణలో ఏజెంట్‌ను దారి తప్పించే దొంగ ఆదేశాలు దాగి ఉండవచ్చు. చేర్చే ముందూ, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ నేనే పూర్తిగా చదువుతాను.

మా దగ్గరున్నవి ఆరు టూల్స్. వాటిని రాసేదీ వాడేదీ నేనొక్కడినే. పదిమంది రాసిన టూల్స్ పదుల సంఖ్యలో ఉన్నచోట ఇంత శ్రద్ధ సాగుతుందని నేను హామీ ఇవ్వలేను. నా మటుకు నేను ఏడో టూల్ మొదలుపెట్టాను. ఖాళీ ఫలితానికి అర్థమేమిటో ముందు రాసి, కోడ్ ఆ తర్వాత రాస్తున్నాను.