నీళ్ల పాఠానికి ఏది మేలు: ఏటికి తీసుకెళ్లడమా, నూతిలో తాడు వేయడమా?

జూన్‌లో బడులు తెరిచారంటే మా స్టాఫ్‌రూమ్‌లో ఒకటే గోల, నీరు, సహజ వనరులు, మనిషి చేస్తున్న పాడు, ఇవన్నీ పిల్లల బుర్రకెక్కేలా ఎలా చెప్పాలని. ఒకరు వీడియో అంటారు, ఒకరు ఏటికి తీసుకెళ్దామంటారు, కొత్తగా వచ్చిన మేడం టెస్ట్ కిట్ అంటారు. శ్రీకాకుళం జిల్లా పల్లె బడిలో పాఠాలు చెప్పుకునే నేను ఇవన్నీ చేసి చూశాను. వీడియో సంగతి వదిలేయండి, ఫ్యాను కింద కునుకు తీయడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

అన్నిటికంటే చవక సీసా ప్రయోగం. భూమ్మీదున్న నీళ్లన్నీ ఈ లీటరు సీసాలో ఉన్నాయనుకోండర్రా అని మొదలుపెట్టి, ఉప్పు లేని నీళ్లు ఎన్నో పది మిల్లీలీటర్ల దగ్గు మందు మూతతో కొలిచి చూపించాలి. రెండున్నర మూతలు, అంతే. అందులోనూ ఒకటిన్నర మూత పైగా మంచుగడ్డలే. భూమి లోపలున్నది ముప్పావు మూత. ఇక ఏళ్లు, చెరువులు, సరస్సులు అన్నీ కలిపితే చుక్కా, చుక్కున్నర. డ్రాపరుతో ఆ చుక్క ఒక పిల్లాడి అరచేతిలో వేస్తే క్లాసు మొత్తం మెడలు చాచి చూస్తుంది. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. కాకపోతే ఆ చుక్క చూసి అయ్యో అనుకున్న పిల్లలే సాయంత్రం ఇంట్లో ట్యాంకు పొంగిపోతున్నా మోటారు కట్టేయరు. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "మనూరి నుయ్యి ఇందులో ఎక్కడుంది మాస్టారూ?" అంది. ముప్పావు మూత చూపించి తప్పించుకున్నాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఏటి ప్రయాణం కాగితం మీద చాలా బాగుంటుంది. ఒడిశా నుంచి వచ్చే వంశధార, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, అక్కడ కాలువల్లోకి మళ్లే నీళ్లు, చివరికి కళింగపట్నంలో సముద్రం. ఈ నీళ్ల వాటా కోసమే కదా మనకీ ఒడిశాకీ పంచాయితీ ట్రైబ్యునల్ దాకా వెళ్లింది, అదీ చెప్పొచ్చు. తీరా బస్సెక్కాక జరిగేది వేరు. అంత్యాక్షరి, ఇద్దరికి వాంతులు, ఎవడు నీళ్లలోకి దిగుతాడో అని నాకు టెన్షన్. ఇసుకలో కూర్చుని పులిహోర తిన్నాక గాలికి కాగితప్పళ్లాలు ఎగిరి ఏట్లో పడ్డాయి. పిల్లలు పరుగెత్తి ఏడో ఎనిమిదో పట్టుకొచ్చారు, మిగిలినవి మా కళ్ల ముందే తేలుతూ పోయాయి. పాఠం చెప్పడానికొచ్చి మేం చేసిన నిర్వాకం అది. మర్నాడు నోట్సు రాయమంటే సగం మంది పులిహోర గురించే రాశారు. ఏడాదికోసారి తీసుకెళ్లండి, తప్పులేదు, దానికి పిక్నిక్ అనే పేరు పెట్టుకోండి.

కిట్ విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరమే ఉంది. కవిటి వైపు పనిచేసే స్నేహితుడు ఒకాయన నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు కొని, ఇళ్ల నుంచి సీసాల్లో నీళ్లు తెమ్మన్నాడు. మీటరు 500 దాటిన పిల్లలు బిక్కమొహం వేశారు. నిజానికి మన తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా ఫర్వాలేదు. పైగా ఆ మీటరుకి తెలిసేది నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎన్ననేదే, క్రిములున్నాయా, ఫ్లోరైడ్ ఎంతుంది అన్నవి దానికి పట్టవు. కవిటి ఉన్న ఆ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఇంత మందికి ఎందుకొస్తోందో పరిశోధకులే ఇప్పటికీ ఫలానా కారణమని తేల్చలేదు. నాన్న డయాలసిస్‌కి వెళ్లొచ్చే ఇంటి పిల్లాడి చేతిలో ఒక అంకె పెట్టి పంపిస్తే వాడు దాన్ని ఏం చేసుకోవాలి? పదో తరగతికైతే, రసాయనశాస్త్రం తెలిసినవాళ్లు పక్కనుంటే సరే. ఏడో తరగతికి వద్దు.

ఇక నేను ఓటేసేది చేంతాడుకి. పాత చేంతాడు ఒకటి తీసుకుని అడుగుకొక ముడి వేసి, అయిదు ముడులకొకసారి ఎర్రగుడ్డ పేలిక కట్టి, కొసకి రాయి బిగించాం. నెలకొక శనివారం నలుగురు పిల్లలు, పక్కన నేను, వరలు ఎత్తుగా ఉన్న నూతుల దగ్గరే. రాయి నీటికి తగిలి టప్‌మనగానే తాడు పట్టుకున్న చోట గుర్తు పెట్టి, పైకి లాగి ముడులు లెక్కపెట్టడం, పుస్తకంలో రాయడం. మొదటి రోజు ఒక ముసలమ్మ ఆగి, "ఏటి బాబూ, నూతిలో ఏటి పారేసుకున్నారు?" అని అడిగింది.

రెండు నూతులు ఎంచుకున్నాం. ఒకటి చెరువు గట్టు కింద, రెండోది ఒకప్పటి బందను, అంటే చిన్న చెరువును, కప్పేసి ఇళ్ల స్థలాలు వేసిన వీధిలో. అక్టోబరులో గట్టు కింద నూతిలో ఆరు ముడులకే నీళ్లు తగిలాయి, రెండోదాంట్లో పదిహేడు. మే వచ్చేసరికి అవి పంతొమ్మిది, ముప్పై ఒకటి. ఎందుకిలా అన్నది నేను చెప్పలేదు. వాళ్లే వెళ్లి ఆ వీధి తాతల్ని అడిగి, గెడ్డ (వాగు) నీళ్లు బందలోకి ఎటు నుంచి వచ్చేవో గీసుకొచ్చారు. ఒకడైతే ఆ ఒక్క వీధిలో బోర్లు పదకొండని లెక్కపెట్టాడు. రెండు నూతులు చూసి తీర్పు చెప్పేయకూడదు, నేల ఎత్తుపల్లాలుంటాయి, అడుగున రాయి ఉంటుంది అని నేను అడ్డు తగిలితే, అయితే మూడో నూతిలో కూడా వేద్దామన్నారు. ఏ వీడియో చూపించి అనిపించగలం ఆ మాట!

దీనికీ లోటుంది. ఏడాది పడుతుంది, ఒక్క నెల తప్పితే లెక్క కుంటుపడుతుంది, సెలవుల్లో మే నెల కొలత కోసం నేనే ఎండలో పోవాల్సొచ్చింది. ఇన్‌స్పెక్షన్ రేపనగా ఏదో ఒకటి చూపించాలంటే సీసాయే దిక్కు. నేనిప్పుడు జూన్‌లో సీసాతో మొదలుపెట్టి, ఆ ముప్పావు మూత దగ్గర ఆగి, తాడు తీస్తున్నాను. ఈసారి మూడో నూతికి ఉన్న ముడులు చాల్లేదు, పిల్లలు ఇంకో నాలుగు వేశారు.