గాజు మూత పెట్టెలో అమ్మే కోహిబా చుట్టలు కొనకండి, 14,500 పోయాయి

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు ఉన్న మనవాళ్లందరికీ చెబుతున్నాను. ఫోన్లలో ఒక పేజీ తిరుగుతోంది. గాజు మూత ఉన్న చెక్కపెట్టె, అందులో 25 కోహిబా రొబుస్టో చుట్టలు (కోహిబా అంటే క్యూబాలో చేసే ఖరీదైన చుట్ట, రొబుస్టో దాంట్లో ఒక సైజు). వైజాగ్ పోర్టులో ఓడవాళ్ల దగ్గర దిగిన సరుకనీ, అందుకే ఇంత తక్కువకి వస్తోందనీ చక్కటి తెలుగులో రాస్తారు. ధర 14,500. నేను కొన్నాను. అది కోహిబా కాదు, క్యూబా నుంచి వచ్చింది కాదు, సరిగ్గా చుట్టిన చుట్ట కూడా కాదు. దయచేసి ఎవరూ డబ్బు పంపకండి.

మా మేనమామకి ఈ ఏడు డెబ్బై నిండాయి, భీమరథ శాంతి చేశాం. ఆయన చేతిలో చుట్ట చూస్తూ పెరిగినవాణ్ణి నేను. మా అమ్మమ్మ అడ్డపొగ కాల్చేది, నిప్పు నోట్లో పెట్టుకుని. అంగిట్లో పుండు పడి పోయింది. అప్పట్నుంచి మావయ్య రోజువారీ చుట్ట మానేశారు, ఏడాదికి ఒకటో రెండో, అంతే. 2019లో మా పెద్దమ్మ కొడుకు దుబాయ్ విమానాశ్రయంలో కొని తెచ్చిన ఒక్క కోహిబాని మావయ్య అరుగు మీద కూర్చుని గంటసేపు కాల్చారు. దాని కాగితం పట్టీ ఇప్పటికీ పంచాంగంలో దాచుకున్నారు. "అలాటిది ఇంకోటి దొరికితే సాలురా" అని ఆ మధ్య అన్నారు. ఆ మాట మనసులో పెట్టుకుని కొన్నాను. అందుకే బాధ ఎక్కువ.

పార్సిల్ వచ్చిన సాయంత్రం మావయ్య ముందు పెట్టాను. ఆయన పట్టీ వైపు చూడనే లేదు. ఒక చుట్ట తీసి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా నొక్కుకుంటూ పోయారు. మధ్యలో ఒకచోట వేలు లోపలికి దిగిపోయింది. ఇంకాస్త ముందు రాయిలా గట్టిగా ఉంది. మంచి చుట్ట నొక్కితే కొంచెం తగ్గి మళ్లీ పొంగాలి, అంతటా ఒకేలా ఉండాలి. తర్వాత కాలే కొసని ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దూరం జరిపారు. "అల్లుడూ, ఇది మగ్గని ఆకురా. కుప్పలోంచి తొందరపడి తీసేసినారు."

నేనూ వాసన చూశాను. అమ్మోనియా ఘాటు, పశువులశాలలో తెల్లారగట్ల కొట్టే కంపు. పచ్చాకుని ఎండబెట్టి, కుప్ప వేసి, వేడెక్కనిచ్చి, తిరగేసి మళ్లీ కుప్ప వేస్తేనే ఆ ఘాటు పోతుంది. లంక పొగాకు ఎరిగిన మనవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కోహిబాకైతే సెకో, లిహేరో అనే రెండు రకాల ఆకుల్ని పీపాల్లో పెట్టి మూడోసారి కూడా మగ్గబెడతారు. 1966లో పుట్టిన ఆ చుట్టకి అంత మెత్తదనం రావడానికి అదే కారణం. అలాంటి దాంట్లో అమ్మోనియా కొట్టిందంటే ఇక చూడాల్సింది ఏమీ లేదు.

అయినా చూశాం. పంచాంగంలోంచి పాత పట్టీ తీసి పక్కన పెట్టాం. పాతదాని మీద బంగారు రంగు అక్షరాలు వేలికి తగిలేటట్టు పైకి ఉబ్బి ఉన్నాయి. కొత్తది నున్నగా ఉంది, ఇంట్లో ప్రింటరు మీద తీసినట్టు. తెల్ల గళ్ల వరస పాతదాంట్లో నిండుగా ఉంటే, కొత్తదాంట్లో అంచు దగ్గర సగానికి తెగిపోయింది. మా అబ్బాయి స్కేలు తెచ్చి కొలిచాడు. రొబుస్టో అంటే పొడవు 124 మిల్లీమీటర్లు, లావు 50 రింగ్ గేజ్. అంటే అంగుళంలో 64 భాగాలు చేస్తే 50 భాగాలు, సుమారు 20 మిల్లీమీటర్లు. మా పెట్టెలో ఒకటి 118, ఇంకొకటి 127. రంగులు కూడా ఒకటి కాఫీపొడి, ఒకటి ఎండుగడ్డి. అసలు పెట్టెలో చుట్టల్ని రంగు చూసి ఏరి, ముదురు నుంచి లేతకి వరసగా పేరుస్తారు.

పెట్టె సంగతి అన్నిటికంటే ముఖ్యం, నాకు ఇది ముందే తెలిసి ఉంటే డబ్బు మిగిలేది. గాజు మూత గానీ, అద్దంలాంటి ప్లాస్టిక్ మూత గానీ ఉన్న కోహిబా పెట్టె ఎక్కడ కనిపించినా అది దొంగ సరుకే, క్యూబా రాజధాని హవానా నుంచి అలాంటి పెట్టె రాదు. అసలు పెట్టె అడుగున "హెచో ఎన్ క్యూబా" (క్యూబాలో చేసింది), "తోతల్మెంతే ఆ మానో" (పూర్తిగా చేత్తో చేసింది) అన్న ముద్రలు చెక్కలోకి కాలి ఉంటాయి, పక్కనే ఫ్యాక్టరీ గుర్తు, నెల, సంవత్సరం సిరాతో కొట్టి ఉంటాయి. పైన ఆకుపచ్చ హామీ సీలు, బార్‌కోడు. ఆ బార్‌కోడు అంకెల్ని, క్యూబా చుట్టలు అమ్మే హబానోస్ కంపెనీ వెబ్‌సైటులో కొట్టి సరిచూసుకోవచ్చు. నా పెట్టె అడుగున కాల్చిన ముద్ర లేదు, కాగితం అతికించారు. గోటితో గీకితే ఊడి వచ్చింది.

మావయ్య వద్దన్నా ఒకటి వెలిగించాను. ముందు టోపీ (నోట్లో పెట్టుకునే కొసని మూసిన ఆకు) కోసి, వెలిగించకుండా గాలి లాగి చూస్తే అసలు లాగడం లేదు, మూసుకుపోయిన స్ట్రాలా. దేవదారు అగ్గిపుల్లతో అంచు చుట్టూ వెచ్చబెట్టి వెలిగిస్తే ఒక పక్క గబగబా కాలిపోయి, రెండో పక్క నల్లగా అలాగే ఉండిపోయింది. రెండుసార్లు ఆరిపోయింది. మంచి చుట్ట బూడిద అంగుళం దాకా గట్టిగా నిలబడుతుంది. ఇది పొట్టులా పంచె మీద రాలింది. రుచి అంటారా, నాలుక చివర కారం, గొంతులో గరగర, తర్వాత జిగురు కాలిన వాసన. మంచిదాంట్లో మొదటి భాగంలో తియ్యటి ఎండుగడ్డి వాసన, పోనుపోను కాఫీ, చెక్క, చివర మిరియం ఘాటు, ఇలా మారుతూ వెళ్తుంది. ఆ మార్పు కోసమే పెద్దవాళ్లు దాన్ని నిమిషానికో దమ్ము చొప్పున, పొగ మింగకుండా నోట్లోనే తిప్పి వదులుతారు. దీంట్లో మొదటి దమ్ముకీ పదో దమ్ముకీ తేడా లేదు. పారేశాను.

మిగిలినవాటిలో ఒకదాన్ని కత్తిపీట మీద పెట్టి నిలువునా చీల్చాను. చేత్తో చుట్టిన హవానా చుట్టలో ఆకులు ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడుగ్గా మడతలు పడి ఉంటాయి. ఇందులో ఉన్నది నుసి. దానిలో అగ్గిపుల్లంత లావు ఈనెలు మూడు, గోనెసంచి పీచు ఒకటి. ఇంకో రెండు చుట్టల మీద సూదితో పొడిచినట్టు చిల్లులు, అంటే పొగాకు పురుగు పట్టింది. అందుకే చెబుతున్నాను, ఇలాంటి పెట్టె మీ ఇంటికి వచ్చి ఉంటే మంచి చుట్టల పక్కన అస్సలు పెట్టకండి, ఆ పురుగు వాటికీ ఎక్కుతుంది.

ఇంకో సంగతి నేను ఆలస్యంగా గమనించాను. మన దేశంలో అమ్మే ఏ పొగాకు పెట్టె మీదైనా ముందూ వెనకా 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి, 2016 ఏప్రిల్ నుంచి అదే నిబంధన. దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా, గరిష్ఠ ధర కూడా ఉండాలి. ఫొటోలో ఇవి లేకపోతే అక్కడే ఆగిపోండి. అసలు కోహిబా ఒక్కొక్కటే వేలల్లో ఉంటుంది, 25 చుట్టల పెట్టె లక్ష దాటుతుంది. పద్నాలుగు వేలకి ఎవరూ ఇవ్వరు.

డబ్బు పంపేసినవాళ్లు సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. నేను ఆరు రోజులు ఆ పేజీవాడి మాట నమ్మి ఎదురుచూశాను, అదే నా తప్పు. "డబ్బు వాపసు వేస్తాం బాబూ" అని మూడుసార్లు రాసి, నాలుగోసారి నన్ను బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇచ్చాను. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. ఆ కాగితాలు ఇప్పుడు సిద్ధం చేస్తున్నాను. పెట్టె, కొరియర్ కవరు, చీల్చిన చుట్ట అన్నీ కవర్లో కట్టి దాచాను. నాలా మోసపోయినవాళ్లు గజపతి, రాయగడ జిల్లాల్లో ఉంటే చెప్పండి, కలిసి వెళ్దాం.

మొన్న రాత్రి ఇంకో పేరుతో అదే సరుకు మళ్లీ కనిపించింది. ధర 12,000కి దించారు. ఫొటో మాత్రం పాతదే. పై వరసలో ఎడమ నుంచి నాలుగో చుట్ట పట్టీ చిరిగి, జిగురు మరక కనిపిస్తుంది. ఆ మరక ఉన్న ఫొటో ఏ పేరు మీద వచ్చినా అది వాళ్లే.