గోడ మీద పుటం కొలిమి: మూడు పాత బొమ్మల సెట్టు

బెంగళూరులో మా హాలు గోడ ఒకటి చాలాకాలంగా బోసిగా ఉండటంతో, అవెన్యూ రోడ్డుకు దగ్గరలోని ఒక ఫ్రేముల దుకాణంలో ‘పాతకాలపు బంగారు శుద్ధి’ పేరుతో అమ్ముతున్న మూడు బొమ్మల సెట్టును గత నెలలో 4,800 రూపాయలకు కొన్నాను. మా ఇంట్లో రెండు తరాల వారు కంసాలి పనితోనే బతికారు కనుక, కొలిమి బొమ్మ కనిపిస్తే దాటి వెళ్ళడం నాకు కష్టం.

మూడింటిలో రెండు జర్మన్ వైద్యుడు అగ్రికోలా లాటిన్‌లో రాసిన గనుల గ్రంథంలోవి. ఆయన 1555లో కన్నుమూయగా, పుస్తకం 1556లో బాసెల్ నగరంలో అచ్చయింది. మూడోది 18వ శతాబ్దపు ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలోని కంసాలి దుకాణం. వెనక అంటించిన చీటీ మూడింటినీ ఒకే గాటన కట్టి ‘రాగిరేకు చెక్కడాలు’ అంటోంది; అది పొరపాటు. అగ్రికోలా పుస్తకంలోవి చెక్కదిమ్మ అచ్చులు, అంటే గీత మిగిలేలా చుట్టూ ఉన్న చెక్కను తొలిచి, పైకి నిలిచిన గట్టుకు సిరా పూసి అద్దినవి. రాగిరేకులోనైతే గీతనే తవ్వి, ఆ గాడిలో నిలిచిన సిరాను కాగితం మీదికి నొక్కి ఎక్కిస్తారు. కొనేవారికి ఈ తేడా అవసరమే. చెక్క అచ్చులోని గీత లావుగా ఉంటుంది కనుక 12 అంగుళాలకు 18 అంగుళాల కొలతకు పెంచినా చెదరలేదు. రాగిరేకులోని వెంట్రుకవాసి గీతలు మాత్రం కాన్వాసు నేతలో కలిసిపోయి, ఫ్రెంచి దుకాణం వెనక గోడ ఒక నల్లటి మరకలా తేలింది. ఆ ఒక్కటి మ్యాట్ కాగితం మీద వేయించుకోవలసింది.

ఫ్రేములకు వంక పెట్టలేను. టేకు చట్రం మూలలు బాగా కుదిరాయి, అద్దం మీద ట్యూబులైటు మెరుపు తక్కువ.

మొదటి బొమ్మలో మూడు సన్నకాటాలున్నాయి, మూడోదాన్ని ఒక పెట్టెలో అమర్చారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి నగర్తపేటలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మా పెదనాన్న దాని ముందు చాలాసేపు నిలబడి, “అది పెట్టెలో ఎందుకుందో తెలుసునారా? ఊపిరి తగిలినా ముల్లు కదులుతుంది,” అన్నారు. పుటం, అంటే కొలిమిలో కాల్చి లోహాన్ని శుద్ధి చేయడం, ముగిసిన తరువాత మిగిలే చిన్న లోహపు పూసను తూచేది ఆ మూడో కాటాలోనే.

నాకు అసలు బాధ కలిగించింది రెండో బొమ్మ, అంటే పుటం కొలిమి బొమ్మ. బంగారమో వెండో కలిసిన సీసాన్ని బూడిద పరిచిన కొలిమిలో వేడిచేసి గాలి ఊదితే, సీసం భస్మంగా మారి, రాగి వంటి కల్తీలను తనతో పట్టుకుపోతుంది. మేలిమి లోహాలు అడుగున మిగులుతాయి. ఆ పని జరుగుతున్న చోటే ఒక మనిషి తింటూ కనిపిస్తాడు. అతని పక్కన, కొలిమి పక్కన, కట్టెల పక్కన ఒక్కొక్క రోమన్ అక్షరం ఉంది, కానీ ఆ అక్షరాల అర్థం చెప్పే పట్టికను దుకాణం వారు కత్తిరించేశారు. అసలు పుస్తకంలో ఆ పట్టిక ఉంది. మేస్త్రీ ఆకలైనప్పుడు వెన్న తింటాడని, కొలిమిలోంచి వెలువడే విషం తనను బాధించకుండా అది ప్రత్యేకమైన విరుగుడని అందులో రాసి ఉంది. సీసపు పొగకు వెన్న విరుగుడు కాదు. అయినా ఆ పొగ మనిషిని తినేస్తుందని వారికి తెలుసు, ఆ భయాన్ని ఒక అక్షరం పెట్టి మరీ అచ్చువేశారు. నేర్పడానికి గీసిన బొమ్మలోంచి పాఠాన్ని తీసేసి, అలంకారాన్ని మాత్రం అమ్మడం నాకు నచ్చలేదు.

సెట్టులో మరో లోటు ఉంది. పుటంతో శుద్ధి పూర్తి కాదు, ఎందుకంటే బంగారంతో పాటు వెండి కూడా మిగిలిపోతుంది. ఒక వంతు బంగారానికి సుమారు మూడు వంతుల వెండి ఉండేలా కలిపి, ఆమ్లంలో వేస్తే వెండి కరిగి బంగారం విడిపోతుంది. వెండి అంతకంటే బాగా తక్కువైతే ఆమ్లం లోపలిదాకా చేరదు. ఆ ఆమ్లాన్ని తీసే గాజుపాత్రల బొమ్మ అదే గ్రంథంలో ఉంది. ఫ్రెంచి దుకాణం బదులు దానిని చేర్చి ఉంటే సెట్టు పేరుకు న్యాయం జరిగేది.

నా అభ్యంతరం విన్న దుకాణదారు వాదనకు దిగలేదు. తరువాత అమెరికా అధ్యక్షుడైన హూవర్, ఆయన భార్య కలిసి 1912లో వెలువరించిన ఇంగ్లీషు అనువాదంలో ఆ పట్టికలన్నీ ఉన్నాయి. రెండు బొమ్మల పట్టికలను అందులోంచి తెలుగులో రాసిస్తే, ఒక్కోదానికి 300 రూపాయలు తీసుకుని, మౌంటు బోర్డు అడుగున అచ్చువేసి పది రోజుల్లో తిరిగిచ్చారు. కొనదలచినవారు మొదటే పట్టికతో సహా కావాలని అడగడం మంచిది.

తిరిగొచ్చిన బొమ్మను పెదనాన్న కళ్ళద్దాలు సర్దుకుని, వేలితో ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ చదివారు. వెన్న దగ్గరికి వచ్చి ఆగి, “మాకు బెల్లం ముక్క ఇచ్చేవారు,” అన్నారు.