దుబాయ్ టికెట్ కొంటున్నారా? పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) ఒకటా రెండా చూసుకోండి

శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి వైపు నుంచి దుబాయ్ పనికెళ్లే కుర్రాళ్లు, వాళ్లకి టికెట్లు చూసిపెట్టే ఇంట్లోవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. మా తమ్ముడికి శ్రీకాకుళంలో ఒక ట్రావెల్స్ వాడు (పేరు రాయను) టికెట్ చేసిచ్చాడు. "వైజాగ్ నుంచి హైదరాబాద్ గంటంబావు, అక్కడ గంటన్నర కూర్చుంటే చాలు, మరో రెండు గంటల్లో దుబాయ్‌లో ఉంటాడు" అన్నాడు.

ముందు ఆ రెండు గంటల సంగతి. టికెట్ మీద హైదరాబాద్‌లో రాత్రి 9:45కి బయల్దేరి 12:05కి దిగినట్టు ఉంటుంది, కానీ ఆ 12:05 దుబాయ్ టైము, అది మనకంటే గంటన్నర వెనక. అంటే విమానంలో కూర్చునేది దగ్గర దగ్గర 4 గంటలు. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,500 కిలోమీటర్ల పైమాటే, అంత దూరం రెండు గంటల్లో ఏ విమానం తీసుకెళ్తుంది? టికెట్లమ్మేవాడికి ఈమాత్రం తెలియదనుకోవాలా!

సరే, దానివల్ల డబ్బులేం పోలేదు. పోయింది మధ్యలో గంటన్నర దగ్గర. వైజాగ్ నుంచి హైదరాబాద్ గాల్లో 500 కిలోమీటర్ల చిల్లర, జెట్ అయితే గంటంబావు మాట నిజమే, చిన్న ఏటీఆర్ విమానం అయితే ఇంకో పావుగంటో ఇరవై నిమిషాలో ఎక్కువ. ఆరోజు విమానం ఆలస్యమై తమ్ముడు శంషాబాద్‌లో దిగేసరికి 8:50 అయింది. అంతర్జాతీయ కౌంటర్లు గంట ముందే, కొన్ని గంటంబావు ముందే మూసేస్తారు. బెల్టు దగ్గర పెట్టె తీసుకుని, పైకి పరిగెత్తి వెళ్లేసరికి ఎవరూ లేరు. టికెట్ మొత్తం పోయింది.

ఒకే పీఎన్ఆర్ మీద ఉండుంటే తర్వాతి విమానంలో పంపే బాధ్యత విమాన కంపెనీదే, సామాను కూడా దుబాయ్ దాకా అదే వెళ్లేది. ఈ ట్రావెల్స్ వాడు వేర్వేరు కంపెనీల్లో రెండు చౌక టికెట్లు కొని, ఒకే కాగితం మీద ప్రింటు తీసి, ఒకే టికెట్‌లా అంటగట్టాడు. మొదటి కంపెనీకి రెండోదానితో సంబంధం లేదు, రెండోదాని లెక్కలో మనవాడు రాలేదు, అంతే. బరువు దగ్గర కూడా ఇదే గొడవ. దుబాయ్ టికెట్‌కి 30 కిలోలు రాసుంది కదాని అమ్మ పచ్చళ్లు, పలాస జీడిపప్పు అన్నీ సర్దింది, వైజాగ్‌లోనేమో దేశంలో తిరిగే టికెట్‌కి 15 కిలోలేనని మిగతాదానికి కిలో లెక్కన కట్టించుకున్నారు.

అడిగితే ట్రావెల్స్ వాడు "విమానం లేటైతే నేనేం చేస్తాను" అంటున్నాడు.

కాబట్టి డబ్బులిచ్చేముందే పీఎన్ఆర్ నంబరు అడిగి, విమాన కంపెనీ సైట్‌లో మీరే కొట్టి చూడండి, వైజాగ్ నుంచి దుబాయ్ దాకా ఒకేచోట కనిపించాలి. రెండు టికెట్లే తీసుకోక తప్పదంటే మధ్యలో కనీసం ఐదారు గంటలు ఉంచుకోండి. శ్రీకాకుళం నుంచి ఎయిర్‌పోర్టుకే 110 కిలోమీటర్లు, మధురవాడ, హనుమంతవాక ట్రాఫిక్ మీకు తెలిసిందే, అది వేరే లెక్క. విమానం అందకపోయినా ఎయిర్‌పోర్టు చార్జీలు, పన్నులు తిరిగివ్వాలని రూల్ ఉంది, అవి అడిగి తీసుకోండి. మేం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాం. బిల్లు ఇవ్వలేదు వాడు, యూపీఐ రసీదు, వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్ మాత్రం మా దగ్గర ఉన్నాయి.